ఓక్ చెట్టు కింద దొరికిన పుట్టగొడుగులు: తినొచ్చా?

ప్రశ్న (కొత్త సభ్యుడు):
నిన్న అడవిలో నడుస్తుంటే ఓక్ చెట్టు మొదట్లో ఆరేడు పుట్టగొడుగులు కనిపించాయి. గొడుగు పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు, అంచు వైపు పాలిపోయి ఉంది. కింది రేకులు తెల్లగా ఉన్నాయి. కాడ మీద పల్చటి పొర చిన్న పావడాలా వేలాడుతోంది. అచ్చం వరిగడ్డి పుట్టగొడుగుల్లా అనిపించి మూడు కోసుకొచ్చాను. పురుగులు తిన్న చిల్లులున్నాయి, అంటే విషం లేనట్టేగా?

చెంచా:
వండేటప్పుడు వెండి చెంచా వేసి చూడండి. నల్లబడకపోతే భయం లేదు.

పాతబుట్ట:
చెంచా గారూ, ఆ మాట ఎవరికీ చెప్పకండి. ఈ విషానికి వెండి నల్లబడదు. పురుగుల లెక్క కూడా అంతే, వాటికి పడింది మనకి పడాలని లేదు.

మీరు చెప్పిన పోలికలన్నీ ప్రాణం తీసే విష పుట్టగొడుగు డెత్ క్యాప్‌వే. వరిగడ్డి పుట్టగొడుగుకి కాడ మీద పొర ఉండదు, ముదిరితే రేకులు గులాబీ రంగుకి తిరుగుతాయి. అది పెరిగేది కుళ్ళే గడ్డి మీద. డెత్ క్యాప్ చెట్టు వేళ్ళతో ముడిపడి నేలలో పెరుగుతుంది. 2012లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో దీన్ని తిని ఇద్దరు చనిపోయారు.

కోసుకొచ్చానన్నారు, అక్కడే చిక్కు. మొదట్లో నేనూ కత్తితో కాడ కోసి బుట్ట నింపేవాణ్ణి. గుర్తుపట్టాల్సిన అసలు భాగం మట్టిలోనే ఉండిపోయేది. ఇప్పుడు తెలియనిది కనిపిస్తే చేతి వేళ్ళతో చుట్టూ తవ్వి మొత్తం పైకి తీస్తాను. కాడ అడుగున సంచిలాంటి తిత్తి ఉందా చూడండి. అయితే తిత్తి వరిగడ్డి దానికీ ఉంటుంది, ఒక్క దాన్నే నమ్ముకోకండి. గొడుగుని నల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. రాలిన పొడి తెల్లగా ఉంటే డెత్ క్యాప్ వైపే. గులాబీ వచ్చినా సరే, నేనైతే తినను.

ఉడికించినా, ఎండబెట్టినా దీని విషం పోదు. పైగా రుచిగానే ఉంటుందట, తిని బతికినవాళ్ళు చెప్పిన మాట. వాంతులు, విరేచనాలు మొదలవడానికే ఆరు గంటల పైన పడుతుంది. తర్వాత ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది, లోపల కాలేయం మాత్రం పాడవుతూనే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా ముక్క నోట్లో వేసుకున్నారా? వేసుకుంటే వాంతి కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి, మిగిలిన పుట్టగొడుగు వెంట తీసుకెళ్ళండి.

కొత్త సభ్యుడు:
ఎవరూ తినలేదండీ. పొద్దున్నే మళ్ళీ అక్కడికెళ్ళి కోసిన చోట తవ్వాను. చిరిగిన గుడ్డు పొరలా తెల్లటి తిత్తి, మట్టితో నిండి ఉంది. రాత్రి పెట్టిన కాగితం మీద తెల్లటి పొడి, రేకుల గీతలతో సహా దిగింది. మూడూ పారేసి కత్తి కడిగాను. పక్కనే గుండ్రంగా బంతిలా ఇంకోటి ఉంది, అది గొడుగు లేని బంతి పుట్టగొడుగు పఫ్‌బాలేనా?

పాతబుట్ట:
నిలువుగా సగానికి కోయండి. లోపలంతా ఒకే తెలుపు ఉంటే పఫ్‌బాల్ కావచ్చు. చిన్న గొడుగు, కాడ గీసినట్టు కనిపిస్తే మాత్రం అది విచ్చుకోని డెత్ క్యాప్.

చెంచా:
నా చెంచా వెనక్కి తీసుకుంటున్నా. కోశాక ఫోటో పెట్టండి, చూడాలనుంది.