అప్‌డేట్: రొయ్యల ప్లాంటులో అమ్మోనియా సంగతి

భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో మా చెల్లెలు పనిచేసే హాలులో అమ్మోనియాకు (ఫ్రీజర్లను చల్లబరిచే వాయువు) కళ్లు మండుతున్నాయని, అమెరికాలో 50 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 50 పాళ్లు) దాకా పరవాలేదంటూ యాజమాన్యం కొట్టిపారేస్తోందని ఇదివరకు రాశాను.

50 అనేది అక్కడ పనిచోట్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా పెట్టిన పరిమితి, నిజమే. కానీ అదే దేశపు పరిశోధన సంస్థ నియోష్ 25 దాటవద్దంటుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టంలో 1987లో చేర్చిన 41-ఎఫ్ సెక్షన్, రెండో షెడ్యూలు కూడా ఎనిమిది గంటల సగటుకు 25, పదిహేను నిమిషాలకు 35 అని పెట్టాయి. ఆ పేజీ ప్రింటు చేతికిచ్చాక మేనేజరు గారి గొంతు కాస్త దిగింది.

ఆ పోస్టు చూసి "కొలత ఎక్కడ తీశారో అడగండి" అన్నవారికి ప్రత్యేకంగా నమస్కారం. మీటరు ఉన్నది తలుపు పక్కన, బయటి గాలి తగిలే చోట! ఈసారి ప్లేట్ ఫ్రీజర్ ముందు, ఆడవాళ్లు ట్రేలు దించే చోట, ముఖం ఎత్తులో పట్టించాం. ఆ పావుగంట సగటు 40 దాటింది. షిఫ్టు మొత్తం సగటు మాత్రం 25 లోపే. ఆ పదిహేను నిమిషాల పరిమితి లేకపోతే కాగితం మీద అంతా క్షేమమే.

మెకానిక్ గంధకపు వత్తి వెలిగించి పైపుల వెంట తిప్పితే ఒక వాల్వు దగ్గర, కారుతున్న అమ్మోనియా తగిలి, తెల్లటి పొగ గుప్పుమంది. అక్కడ వాల్వు ప్యాకింగ్ (లీకు ఆపే సీలు) మార్చారు, మీటరు రీడింగు దిగింది. వాసన తగ్గిందా అని చెల్లెలిని అడిగి లాభం లేదు, రోజూ పీల్చే ముక్కు మొద్దుబారుతుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాన్లు సీజను అయ్యాకనట. కాంట్రాక్టు మనుషులకు మాస్కులు ఇంకా రాలేదు, ఆ సంగతి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు రాసిస్తున్నాం.