ఇంగ్లీషు, స్పానిష్: ఎవరి పదసంపద పెద్దది?

గోదావరి_గట్టు: స్పానిష్ మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో వాడుకలో ఉన్న మాటలే 1,71,476 అంటారు. స్పానిష్ అకాడమీ 2014 కూర్పులో 93,111. అంటే స్పానిష్ అంత పేద భాషా? నవల చదవాలంటే ఎన్ని మాటలు రావాలి? ఏ నిఘంటువు కొనాలి?

పదాల_పేటిక: పద్దెనిమిదేళ్ళుగా ఈ రెండు భాషల మధ్య అనువాదాలే నా జీవనం. ఆ పోలికే తప్పు. ఆక్స్‌ఫర్డ్ చచ్చిన మాటను కూడా పారేయదు. అందుకే ఆ సంఖ్య అంత ఉబ్బింది.

నిలువు_గీత: పేటిక గారూ, ప్రశ్న సరిగా చదవండి. ఆయన ఇచ్చింది వాడుకలో ఉన్నవాటి లెక్క. వాడుక పోయినవి 47,156, అవి వేరు. పద్దెనిమిదేళ్ళ అనుభవం అంటూ ఇలా చెబితే కొత్తవాళ్ళు నమ్మేస్తారు.

పదాల_పేటిక: సరే, ఆ సంఖ్య విషయంలో పొరపాటు నాదే. అయినా అకాడమీ పిల్లిని ‘గాతో’ అని చేర్చి, పిల్లికూనకు ‘గతీతో’ లాంటి రూపాలను విడిగా లెక్కపెట్టదు. లాటిన్ అమెరికా మాటలకు 2010లో వేరే నిఘంటువే వచ్చింది, అందులో దాదాపు 70,000. అవన్నీ ఎవరు కూడారు?

డాలస్_వంటిల్లు: ఆ అమెరికా మాటలు నాకు రోజూ పరీక్షే. మా రెస్టారెంటులో క్యూబా ఆయన ఒకరు, చిలీ ఆమె ఒకరు ఉన్నారు. ‘గ్వాగ్వా ఆలస్యమైంది’ అని ఆయన చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన అన్నది బస్సు గురించి. ఆమెకు గ్వాగ్వా అంటే చంటిబిడ్డ! ‘ఎవరి బిడ్డ?’ అంటూ చేతిలో గరిటె వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

వేకువ_చుక్క: లెక్కలు పక్కన పెట్టండి. మోచేయి ‘కోదో’, మోచేతి పోటు ‘కొదాసో’. సుత్తి ‘మర్తీయో’, సుత్తిదెబ్బ ‘మర్తియాసో’. ఒక్క తోకతో ఎన్ని దెబ్బలైనా పుడతాయి. ఇంగ్లీషుకు ఆ శక్తి ఎక్కడిది?

నిలువు_గీత: ఇంగ్లీషులో ‘ఎల్బో’ తోక లేకుండానే క్రియ అవుతుంది, ‘హ్యామర్’ కూడా అంతే. అది శక్తి కాదా? 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచాక పాకలోని ఆవు ‘కౌ’గానే ఉండిపోయింది, దొర పళ్ళెంలోకి వచ్చేసరికి ‘బీఫ్’ అయింది. రాజుకు తగినది అనడానికి ‘కింగ్లీ’, ‘రాయల్’, ‘రీగల్’ ఉన్నాయి, మూడింటికీ మూడు ఛాయలు.

వేకువ_చుక్క: అరువు మాటలే గొప్పయితే స్పానిష్‌కు అరబ్బీ లేదా? పంచదార ‘అసూకర్’, నూనె ‘అసెయితే’, దిండు ‘అల్మొహాదా’. పెందలాడే లేవడానికి ‘మద్రుగార్’, కొత్త చీర మొదటిసారి కట్టుకోవడానికి ‘ఎస్త్రెనార్’. ఒక్కొక్క క్రియ చాలు. ఇంగ్లీషు వాక్యమంతా చెప్పుకోవాలి.

నిలువు_గీత: ఒక్క మాట లేకపోతే పేదరికమా? స్పానిష్‌లో చేప నీళ్ళలో ఉంటే ‘పెస్’, వంటకు వస్తే ‘పెస్కాదో’. తెలుగులో రెండూ చేపే. మనవాళ్ళకు చేపలు తెలియవంటారా?

గోదావరి_గట్టు: మా ఊళ్ళో ఆ మాట అనకండి. అదే చేప సముద్రంలో విలస, గోదావరికి ఎదురీదితే పులస. ధర కూడా మారుతుంది.

నిలువు_గీత: అది ఒక చేప సంగతి. నేనన్నది జాతి మొత్తానికి.

వేకువ_చుక్క: ఓడిపోతున్నప్పుడల్లా గీత జరపడం మీకు అలవాటే.

పదాల_పేటిక: వ్యక్తిగత మాటలు వద్దు. చర్చ పదాల మీద.

గోదావరి_గట్టు: అందరికీ దండాలు. నిఘంటువు సంగతి ఎవరైనా చెబుతారా?

డాలస్_వంటిల్లు: కొనకండి. అకాడమీది వాళ్ళ వెబ్‌సైటులో ఉచితంగా ఉంది. ‘గ్వాగ్వా’ వెతకండి, బస్సూ బిడ్డా రెండూ కనిపిస్తాయి.