ఒరాకిల్ యాక్సెస్ లైసెన్స్ ఉంది, అయినా లిబ్‌నేమ్ పనిచేయడం లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారమండీ. మా టీమ్ డేటా విశ్లేషణకి సాస్ 9.4 సాఫ్ట్‌వేర్ వాడుతుంది. ఇన్నాళ్లూ నా కంప్యూటర్లోని సాస్ నుంచే ఒరాకిల్ డేటాబేస్ టేబుళ్లు చదివేదాన్ని. ఇప్పుడు అందరినీ లైనక్స్ సర్వర్‌కి మార్చి, అక్కడి సాస్‌ని వాడటానికి ఎంటర్‌ప్రైజ్ గైడ్ అనే ప్రోగ్రామ్ ఇచ్చారు. డేటాబేస్‌కి కలిపే పాత లిబ్‌నేమ్ లైన్ అక్కడ రన్ చేస్తే "ఒరాకిల్ ఇంజన్ కెనాట్ బి ఫౌండ్" అని ఎర్రర్ వస్తోంది. ఒరాకిల్‌కి కలిపే సాస్ యాక్సెస్ లైసెన్స్‌కి డబ్బు కట్టేశామని మేనేజర్ గారు అంటున్నారు. నెలాఖరు రిపోర్ట్ దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది. ఓడీబీసీ (డ్రైవర్ ద్వారా రకరకాల డేటాబేస్‌లకు కలిపే పద్ధతి) యాడ్-ఆన్ కూడా కొనాలా?

జవాబు:
ఇప్పుడే ఏమీ కొనకండి. మీకు వచ్చింది లైసెన్స్ ఎర్రర్ కాదు. లైసెన్స్ లేకపోయినా, గడువు తీరినా "నాట్ లైసెన్స్‌డ్ ఫర్ యువర్ సిస్టమ్" అనో "ఎక్స్‌పైర్డ్" అనో లాగ్‌లో విడిగా చెబుతుంది. ఇంజన్ (సాస్‌ని డేటాబేస్‌కి కలిపే భాగం) దొరకలేదంటే దాని ఫైళ్లు సర్వర్లో లేవనే ముందు అనుమానించాలి.

ఎంటర్‌ప్రైజ్ గైడ్ మీ కంప్యూటర్లో తెరుచుకున్నా, కోడ్ నడిచేది సర్వర్లో. కాబట్టి యాక్సెస్ ఇంజన్ అక్కడ ఉండాలి. మీ పాత సాస్‌లో ఏమున్నా దీనికి పనికిరాదు. సర్వర్ సెషన్‌లోనే రెండు ప్రొసీజర్లు రన్ చేయండి: ఒకటి ప్రాక్ సెటినిట్, రెండోది ప్రాక్ ప్రొడక్ట్ స్టేటస్. మొదటిది లైసెన్స్ ఫైల్ దేనికి అనుమతి ఇచ్చిందో, ఏ తేదీ వరకో చూపిస్తుంది. రెండోది నిజంగా ఏవి ఇన్‌స్టాల్ అయ్యాయో చెబుతుంది. చాలామంది మొదటిది చూసి "ఉందిగా" అనుకుని ఆగిపోతారు. అక్కడే రోజులు పోతాయి.

అడిగినవారు:
మీరన్నట్టే ఉందండీ. సెటినిట్‌లో ఒరాకిల్ లైన్ ఉంది, వచ్చే ఏడాది వరకు గడువు కూడా ఉంది. ప్రొడక్ట్ స్టేటస్‌లో మాత్రం దాని ఊసే లేదు. అడ్మిన్ గారు సాస్ ఇన్‌స్టలేషన్ ఫైళ్లుండే డిపోలోంచి ఇన్‌స్టాల్ చేశారు. ఇప్పుడు ఎర్రర్ మారింది: "సాసోరా కోడ్ అపెండేజ్ కుడ్ నాట్ బి లోడెడ్".

జవాబు:
మంచిదే, ఒక మెట్టు ఎక్కారు! ఇంజన్ దొరికింది కానీ అది ఆధారపడే ఒరాకిల్ క్లయింట్ (ఆ డేటాబేస్‌తో మాట్లాడే ఒరాకిల్ వాళ్ల సాఫ్ట్‌వేర్) దానికి అందడం లేదు. సాస్ యాక్సెస్ కొంటే ఒరాకిల్ క్లయింట్ దాంతోపాటు రాదు. దాన్ని సర్వర్లో విడిగా పెట్టాలి. సాస్ 64 బిట్ అయితే క్లయింట్ కూడా 64 బిట్ కావాలి.

అది ఇప్పటికే ఉంటే దాని లైబ్రరీ ఫోల్డర్‌ని, లైనక్స్ లైబ్రరీల కోసం వెతికే ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో చేర్చాలి, క్లయింట్ ఎక్కడుందో చెప్పే ఒరాకిల్ హోమ్ కూడా సెట్ చేయాలి. అడ్మిన్ తన లాగిన్‌లో సెట్ చేసుకుంటే మీ సెషన్‌కి చేరదు. అందరి సెషన్లకూ వర్తించే సాస్ ఎన్‌వీ లోకల్ ఫైల్లో రాసి, సెషన్లను మొదలుపెట్టే ఆబ్జెక్ట్ స్పానర్‌ని రీస్టార్ట్ చేయమనండి. మా దగ్గర ఇదే చిక్కు వచ్చింది. అడ్మిన్ లాగిన్‌లో పనిచేసేది, మిగతా ఎవరికీ చేసేది కాదు. సాయంత్రం దాకా అందరం పాస్‌వర్డ్‌లనే అనుమానిస్తూ కూర్చున్నాం.

అడిగినవారు:
వచ్చేసిందండీ! టేబుళ్లు కనిపిస్తున్నాయి. మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఇంకో సందేహం. వచ్చే రెన్యువల్లో ఒరాకిల్ ఇంజన్ తీసేసి ఓడీబీసీ ఒక్కటే ఉంచితే ఖర్చు తగ్గుతుందని ఆఫీసులో అంటున్నారు. ఎక్సెల్ ఫైళ్లకూ వేరే లైసెన్స్ కావాలా?

జవాబు:
ఎక్సెల్ సంగతి ముందు. సీఎస్‌వీ ఫైళ్లు బేస్ సాస్‌తోనే చదవొచ్చు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైళ్లకు మాత్రం పీసీ ఫైల్స్ అనే యాక్సెస్ ఇంజన్ లైసెన్స్ కావాలి. సెటినిట్‌లో ఆ పేరు ఉందేమో చూడండి.

ఓడీబీసీ మాట నిజమే. ఒక్క లైసెన్స్‌తో చాలా డేటాబేస్‌లకు వెళ్లొచ్చు. కానీ ప్రతి డేటాబేస్‌కూ డ్రైవర్ మీరే తెచ్చుకోవాలి, కొన్ని డ్రైవర్లకు విడిగా డబ్బు కట్టాలి. ఒరాకిల్ ఇంజన్‌కి ఆ డేటాబేస్ ఫంక్షన్లు, బల్క్ లోడ్ (పెద్దమొత్తంలో డేటా ఒకేసారి ఎక్కించడం) బాగా తెలుసు. మీరు లక్షల వరుసలు ఒరాకిల్లోకి రాసేవాళ్లయితే దాన్ని వదులుకోమని నేను చెప్పను. ఒకటి రెండు చిన్న టేబుళ్లు చదవడమే పనైతే ఓడీబీసీ సరిపోతుంది.

ఊహించే బదులు పరీక్షించండి. సాస్ ట్రేస్ ఆప్షన్ ఆన్ చేస్తే డేటాబేస్‌కి ఏ ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని డేటా అడిగే కోడ్) వెళ్తోందో లాగ్‌లో కనిపిస్తుంది. మీ వేర్ కండిషన్ (ఏ వరుసలు కావాలో చెప్పే షరతు) అందులో ఉంటే వడపోత డేటాబేస్‌లోనే జరుగుతోంది. అది లేకుండా టేబుల్ మొత్తం అడుగుతోంటే వరుసలన్నీ సర్వర్‌కి వచ్చాకే సాస్ వడపోస్తోందని అర్థం. ట్రయల్ లైసెన్స్ అడిగి, ఒకే ప్రోగ్రామ్‌ని రెండు ఇంజన్లతో నడిపి లాగ్‌లు పక్కపక్కన పెట్టుకోండి. కొటేషన్ అడిగేటప్పుడు టెస్ట్ సర్వర్‌కి కూడా ఆ లైసెన్స్ వర్తిస్తుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

అడిగినవారు:
సాస్ ట్రేస్ ఇప్పుడే పెట్టి చూశానండీ. ఒక ప్రోగ్రామ్‌లో వేర్ కండిషన్ వెళ్తోంది. ఇంకోదాంట్లో తేదీని జరపడానికి నేను వాడిన ఇంట్‌నెక్స్ అనే సాస్ ఫంక్షన్ వల్ల టేబుల్ మొత్తం వస్తోంది. ఆ తేదీని ముందే లెక్కగట్టి మాక్రో వేరియబుల్‌లో (విలువని దాచుకునే పేరులో) పెట్టి మళ్లీ రన్ చేశాను, కండిషన్ ఒరాకిల్‌కే వెళ్లింది. ఈ రెండు లాగ్‌లూ మేనేజర్ గారికి పంపుతున్నాను.