రద్దయిన హైదరాబాద్ డివిజన్ ఎన్నికల చరిత్ర: పాత పట్టికను కొత్త ఫలితాలతో కలపవచ్చా?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. హైదరాబాద్ నగరపాలక సంస్థ (ఎంసీహెచ్) హయాంలో నగరంలో 100 డివిజన్లు (ఒక్కో కార్పొరేటర్‌ను ఎన్నుకునే ప్రాంతాలు) ఉండేవి. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను విలీనం చేసి గ్రేటర్ హైదరాబాద్‌ను ఏర్పాటు చేశాక, 2009 ఎన్నికల నాటికి ఆ వంద స్థానంలో 150 డివిజన్లు వచ్చాయి. నగరం నడిబొడ్డున ఉండిన అలాంటి ఒక పాత డివిజన్ ఎన్నికల చరిత్రను వ్యాసంగా రాస్తున్నాను. అదే పేరుతో కొత్త పటంలోనూ ఒక డివిజన్ ఉంది. 1986, 2002 విజేతల కింద 2009, 2016, 2020 విజేతలను కూడా చేర్చి, అది ఫలానా పార్టీకి కంచుకోట అని రాయడం సమంజసమేనా? 1986కూ 2002కూ మధ్య ఏ ఎన్నికా కనబడకపోవడానికి కారణమేమిటో కూడా తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

కలపకూడదని నా గట్టి అభిప్రాయం. 2009లో జరిగింది పాత డివిజన్లకు కొన్ని వీధులు కలపడమో తీసేయడమో కాదు. నగర పరిధే మారిపోయి, సరిహద్దులన్నీ కొత్తగా గీశారు. పేరు నిలిచింది కదా అని ఓటర్లు కూడా వారే అనుకుంటే, పక్క డివిజన్ నుంచి వచ్చిన బస్తీల ఓట్లను పాత పార్టీ బలంగానో బలహీనతగానో లెక్కగట్టే ప్రమాదం ఉంది. శాసనసభ స్థానాల విషయంలోనూ ఇదే చిక్కు వస్తుంది. 2004లో కిషన్ రెడ్డి గెలిచిన హిమాయత్‌నగర్ శాసనసభ నియోజకవర్గం పునర్విభజనలో రద్దయింది, 2009లో ఆయన అంబర్‌పేట నుంచి పోటీ చేశారు. హిమాయత్‌నగర్ పేరుతో కార్పొరేషన్ డివిజన్ మాత్రం ఉంది. ఆ రెండింటి ఫలితాలను ఒకే వరుసలో పేర్చినవారిని చూశాను, చదివేవారికి అది చేసే అన్యాయం చిన్నది కాదు.

ఇక ఖాళీ సంగతి. 1986లో ఎన్నికైన పాలకమండలి గడువు 1991లో ముగిసింది. ఆ తర్వాత 2002 వరకు ఎన్నికలే జరగలేదు, నగరం ప్రత్యేకాధికారుల పాలనలో నడిచింది. దశాబ్దం పైగా ఇంత పెద్ద నగరంలో ప్రజలు ఎన్నుకున్న కార్పొరేటర్ ఒక్కరూ లేరన్నది మీ వ్యాసంలో ఒక వాక్యంతో దాటవేయదగిన విషయం కాదు. ఆ విరామంలోనే, 1993 జూన్ 1న, 74వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చి, స్థానిక ఎన్నికల నిర్వహణ రాష్ట్ర ఎన్నికల సంఘం చేతికి వెళ్లింది. మహిళలకు మూడో వంతు తగ్గకుండా స్థానాలు కేటాయించడం తప్పనిసరి అయింది. 2002లో మేయర్‌ను కూడా ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు కనుక ఓటరు మేయర్‌కు ఒకటి, కార్పొరేటర్‌కు ఒకటి చొప్పున రెండు ఓట్లు వేశాడు. తెలుగుదేశం అభ్యర్థి తీగల కృష్ణారెడ్డి మేయరయ్యారు. 2009 నుంచి మళ్లీ పరోక్ష పద్ధతే, అంటే మేయర్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకోరు. అందువల్ల మీ పట్టికలోని 1986, 2002 వరుసలను సైతం పక్కపక్కన పెట్టి పార్టీల బలం పోల్చేముందు, అప్పటి రిజర్వేషన్ ఏమిటో ఒక గడిలో తప్పక చూపండి. స్థానం మహిళకో బీసీకో కేటాయించినందువల్ల పాత కార్పొరేటర్ తప్పుకోవలసి వస్తే, దానిని ఓటమిగానో పార్టీ తిరస్కారంగానో చదవడం తరచుగా జరిగే పొరపాటు.

రెండవ సమాధానం

పై మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే పాత డివిజన్ ఏయే కొత్త డివిజన్లలోకి చెదిరిందో చూపగలిగితే వ్యాసానికి ఎంతో విలువ వస్తుంది. అందుకు ఇంటి నంబర్లే దారి. హైదరాబాద్ పాత నంబర్లలో, ఉదాహరణకు 3-6 అని మొదలయ్యే హిమాయత్‌నగర్ చిరునామాలో, మొదటి అంకె వార్డును, రెండవది బ్లాకును, ఆ తర్వాతది ఇంటిని సూచిస్తుంది. ఆ వార్డు అంకె ఎన్నికల డివిజన్ సంఖ్య కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. డివిజన్లు ఎన్నిసార్లు మారినా ఇంటి నంబరు గోడ మీద అలాగే ఉంటుంది కనుక, 2002 ఓటర్ల జాబితాలో పోలింగ్ కేంద్రాల వారీగా ఉన్న నంబర్లను 2009 జాబితాతో సరిపోల్చితే, ఏ వీధి ఎటు వెళ్లిందో దాదాపు స్పష్టంగా తేలుతుంది. శ్రమతో కూడిన పనే, కానీ వార్తల కత్తిరింపుల కన్నా ఇది నమ్మదగినది.

మూడవ సమాధానం

కొత్త డివిజన్ల గురించి విడిగా ఒక భాగం రాసేటట్లయితే, ఓట్ల లెక్కింపు నాటి పట్టికతో ఆగకండి. 2020 డిసెంబరు 1న జరిగిన ఎన్నికలో ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో సీపీఐ అభ్యర్థి గుర్తుకు బదులు సీపీఎం గుర్తు బ్యాలెట్‌పై అచ్చయినందున 3వ తేదీన రీపోలింగ్ పెట్టారు. నేరేడ్‌మెట్ ఫలితం కోర్టు ఆదేశాల వల్ల ఆగి, కొన్ని రోజుల తర్వాత వెలువడింది. దానితో టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2 అయ్యాయి. లింగోజిగూడలో గెలిచిన బీజేపీ అభ్యర్థి ప్రమాణస్వీకారానికి ముందే మరణించగా, 2021 ఏప్రిల్‌లో జరిగిన ఉప ఎన్నికలో ఆ స్థానం కాంగ్రెస్‌కు దక్కింది. సాధారణ ఎన్నికల పట్టిక మాత్రమే చూసేవారికి ఈ చివరి మార్పు కనబడదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పట్టికను 2002తోనే ముగిస్తాను. ఇంటి నంబర్ల పద్ధతిలో వీధుల వివరాన్ని అనుబంధంగా ఇస్తాను. రద్దయిన సంవత్సరంగా 2007ను చూపాలా, 2009నా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

రెండూ చూపండి. 2002లో ఎన్నికైన కార్పొరేటర్ పదవీకాలం 2007లో ముగిసింది, కొత్త సరిహద్దులతో ఎన్నిక 2009 నవంబరులో జరిగింది. ఆ మధ్య కాలంలో డివిజన్‌కు ప్రతినిధి లేరని పట్టిక కిందనే రాస్తే సరిపోతుంది.