టెన్నిస్ సర్వీస్‌లో ఒళ్లు తిప్పడం మీకెలా కుదిరింది?

గడియారం సెంటర్ (నల్లగొండ):

అందరికీ నమస్తే. నాకు 41 ఏళ్లు. మూడేళ్లుగా పొద్దున ఆఫీసుకు పోయేముందు గంటసేపు టెన్నిస్ ఆడుతున్నాను. ఫోర్‌హ్యాండ్ ఫర్వాలేదు, బ్యాక్‌హ్యాండ్ దేవుడి దయ. సర్వీస్ దగ్గరే ప్రాణం పోతోంది. బంతి పైకి విసరడం, చేత్తో బాదడం, నాకు తెలిసింది అంతే. రెండో సర్వీస్ అనగానే ఎదుటివాళ్లు రెండడుగులు ముందుకొచ్చి కాచుకుంటున్నారు. పోయిన ఆదివారం డబుల్స్‌లో 9 డబుల్ ఫాల్ట్‌లు చేశాను, అంటే తొమ్మిదిసార్లు రెండు సర్వీస్‌లూ తప్పి పాయింటు పోగొట్టాను. నా పార్ట్‌నర్ మా బావే. ఒక్క మాట అనలేదు. ఒక్కో డబుల్ ఫాల్ట్‌కు మెల్లగా నడిచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాడు. తిట్టినా బాగుండేది.

పైగా ఆడిన రోజు రాత్రి కుడి భుజం లాగుతోంది. మా కోర్టుకు వచ్చే ఒకాయన "చేత్తో కాదు, నడుం తిప్పి కొట్టు, నెట్‌కు వీపు చూపించు" అన్నాడు. అలాగే తిప్పాను. బంతి పక్క కోర్టులో పడింది. అక్కడ ఆడుతున్నాయన బంతి తెచ్చిస్తూ "ఇటు కాదు సార్, అటు" అని నెట్ వైపు చెయ్యి చూపించాడు.

ఎంత తిప్పాలి? ముందు ఏది తిరగాలి? బంతి విసిరేముందా, విసిరాకా? తెలిసినవాళ్లు చెప్పండి.

జడ్చర్ల జంక్షన్:

అన్నా, తిప్పడం తర్వాత. ముందు రాకెట్ ఎట్లా పట్టుకుంటున్నావో చూడు. అట్లపెనం పట్టుకున్నట్టు పట్టుకుంటే, ఒళ్లు తిప్పిన కొద్దీ బంతి ఎడమకే పోతుంది. పక్క కోర్టులో పడిందంటే నా అనుమానం అదే. గొడ్డలితో కట్టెలు కొట్టేటప్పుడు ఎట్లా పట్టుకుంటామో అట్లా పట్టుకో. కాంటినెంటల్ గ్రిప్ అంటే అదే. మొదటి వారం చిరాకు పుడుతుంది, బంతి ఫ్రేముకు తగులుతుంది, ఓర్చుకో. ఇంకోటి, ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి వెనక నుంచి స్లో మోషన్‌లో తీసుకో. మనం చేస్తున్నామనుకునేది ఒకటి, చేసేది ఇంకొకటి.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్):

చిన్నప్పుడు జొన్నచేను కంకి మీదికొస్తే తాత నన్ను మంచె ఎక్కించేవాడు, పిట్టలు తోలడానికి. వడిసెల తిప్పడం అక్కడ నేర్చుకున్నాను. నేర్చుకోలేకపోయాను అంటే సరిగ్గా ఉంటుంది. నేను చేత్తో గిరగిరా తిప్పి వదిలితే రాయి మంచె కిందే పడేది. తాత వదిలిన రాయి చేను దాటిపోయేది. ఆయన చెయ్యి చూస్తే పుల్లలా ఉండేది. కాకపోతే వదిలేముందు కుడికాలు వెనక్కి వేసి, ఎడమ భుజం పిట్టల వైపు పెట్టేవాడు. తర్వాత కాలు, తుంటి, ఛాతీ వరసగా తిరిగేవి. చెయ్యి అన్నిటికంటే ఆఖర్న వచ్చేది. పాతికేళ్ల తర్వాత టెన్నిస్ సర్వీస్ నేర్చుకుంటుంటే ఆ మంచె మీది తాత గుర్తొచ్చాడు.

సర్వీస్‌లోనూ అదే పని. భుజాలు తుంటి కంటే ఎక్కువ తిరగాలి. రెండూ సమంగా తిరిగితే మీరు పక్కకు తిరిగి నిలబడ్డారంతే, మెలి పడలేదు. తడి తువ్వాలు పిండాలంటే ఒక చివర బిగబట్టి రెండో చివర తిప్పుతాం కదా. ఇక్కడ కింది చివర తుంటి, పై చివర భుజాలు. విడిచేటప్పుడు కింది చివరే ముందు కదలాలి. వంచిన మోకాళ్లు నేలను తన్ని లేస్తాయి, తుంటి నెట్ వైపు తిరుగుతుంది. అప్పటికి భుజాలు ఇంకా వెనకే ఉంటాయి, రాకెట్ వీపు వెనక కిందికి జారుతూ ఉంటుంది. తర్వాత ఛాతీ, భుజం, మోచెయ్యి, చివరగా ముంజేయి. మనలాంటి వాళ్లం పై చివరను ముందు వదిలేస్తాం. ఇక మిగిలేది ఒట్టి చెయ్యే, రాత్రి లాగేదీ అదే.

విసిరేముందా, విసిరాకా అని అడిగారు. నేను మూడు నెలలు తగలేసింది ఇక్కడే. ముందు బొమ్మలా తిరిగి నిలబడి, అప్పుడు బంతి విసిరేవాణ్ణి. అది తల వెనక పడేది. విసురుతూనే తిరగాలి. ఎడమ చెయ్యి నేరుగా నెట్ వైపు ఎత్తకుండా కుడివైపు నెట్ స్తంభం దిక్కుగా ఎత్తండి. చెయ్యి అటు లేస్తుంటే ఎడమ భుజం దానంతట అదే లోపలికొస్తుంది, కుడి భుజం వెనక్కి పోతుంది. వేరే తిప్పాల్సిన పనే ఉండదు. బంతి వదిలాక ఆ చెయ్యిని గబుక్కున దించకండి. అది దిగిందంటే ఛాతీ తెరుచుకున్నట్టే.

ఖర్చు లేని చిట్కా ఒకటి. మా కోర్టు ఉత్తర దక్షిణాలుగా ఉంది. పొద్దున ఆరున్నరకు ఎండ పక్క నుంచి వస్తుంది, నీడ పొడుగ్గా పడుతుంది. బంతి లేకుండా, ఎడమ చెయ్యి పైకి లేచిన దగ్గర ఆగిపోయి నీడ చూసుకోండి. ఛాతీ నెట్‌కు ఎదురుగా ఉంటే నీడ కర్రలా సన్నగా ఉంటుంది. పక్కకు తిరిగి ఉంటే ఒళ్లంతా వెడల్పుగా కనిపిస్తుంది. ఒక నెల నాకు కోచ్ ఆ నీడే.

మిర్యాలగూడ లెఫ్టీ:

పైన చెప్పిందంతా నిజమే కానీ ఇక్కడ నేను బ్రేకు వేయాలి. పాత టెన్నిస్ చాంపియన్ మెకన్రో లెఫ్టీ (ఎడమచేతి వాటం), నేనూ లెఫ్టీ. ఇంకేం, ఆయన వీడియోలు చూసి పాదాలు రెండూ బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెంబడి పెట్టి, ఎదుటివాడికి వీపు చూపించి సర్వీస్ మొదలుపెట్టాను. మొదటి వారం అబ్బో అనిపించింది. మూడో వారం ఒక పొద్దున బండి కిక్ కొట్టబోతే నడుం పట్టేసింది. పది రోజులు చెప్పులేసుకోవడానికి కూడా వంగలేకపోయాను.

ఫిజియోథెరపీకి వెళ్తే ఆవిడ అడిగింది ఒకటే. "ఎక్కడి నుంచి తిరుగుతున్నారు?" నడుం నుంచి అన్నాను. అదే తప్పట. నడుం దగ్గరి వెన్నుపూసలు ముందుకు వెనక్కి వంగుతాయి కానీ పక్కలకు పెద్దగా తిరగవు. తిరిగేవి రెండు చోట్ల: కింద తుంటి కీలు, పైన ఛాతీ వెనకభాగం. అవి బిగుసుకుపోయి ఉంటే, మనం బలవంతంగా తిప్పేదంతా మధ్యలో నడుం మీద పడుతుంది. కుర్చీలో రోజుకు ఎనిమిది గంటలు కూర్చునేవాడికి ఆ రెండూ బిగుసుకునే ఉంటాయి, నాలాగా. కాబట్టి "నడుం తిప్పు" అని ఎవరు చెప్పినా ఆ మాట చెవిన పెట్టకండి.

మా ఊరి రైస్ మిల్లుల్లో హమాలీలను చూసి నాకు సిగ్గేసింది. బస్తా భుజాన ఉన్నప్పుడు వాళ్లు పక్కకు తిరగాలంటే పాదాలు తిప్పుతారు, ఒళ్లు మెలిపెట్టరు.

ఇప్పుడు నేను మెకన్రోను ఆయన మానాన వదిలేసి, ఎదుటివాడికి సగం వీపు కనిపించే దాకానే తిరుగుతున్నాను. ఆడేముందు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి రెండూ కలిపి అటొక పది సార్లు, ఇటొక పది సార్లు వాల్చడం తప్పనిసరి.

గడియారం సెంటర్:

వీడియో తీశాను. చూడకపోయినా బాగుండేదనిపించింది. జడ్చర్ల తమ్ముడు చెప్పినట్టు అచ్చం అట్లపెనమే. ఎడమ చెయ్యి బంతి వదలగానే తడిబట్టలా కిందికి వేలాడుతోంది. రాకెట్ బంతికి తగిలేసరికి నా ఛాతీ నెట్‌ను ఎప్పుడో దాటేసి పక్క కోర్టును చూస్తోంది, తల కిందికి ఉంది. ఇంట్లో అందరికీ చూపిస్తే మా అమ్మాయి "నాన్నా, ఈగను తోలుతున్నావా?" అంది.

వనపర్తి వాలీబాల్:

అందరూ కోపం చేసుకోవద్దు, నాకిదంతా ఎక్కువ చేసి చెబుతున్నట్టుంది. వాలీబాల్‌లో స్మాష్ కొట్టేటప్పుడు గాల్లో ఉంటాం, తన్నడానికి కాళ్ల కింద నేలే ఉండదు. చెయ్యి వేగమే వేగం. టెన్నిస్‌లోనూ అమెరికా ఆటగాడు రాడిక్ రాకెట్‌ను కిందికి తిప్పి వెనక్కి తీసుకెళ్లే పనే పెట్టుకోకుండా, నేరుగా పైకి లేపి 2004లో గంటకు 249 కి.మీ. కొట్టాడు. అప్పట్లో అది రికార్డు.

పిల్లలమర్రి నీడ:

రాడిక్ రాకెట్ దారి పొట్టిది, నిజమే. మోకాళ్లు, భుజాలు చూడండి. అంతలా కూర్చుని అంతలా తిరిగేవాళ్లు తక్కువ. స్మాష్‌లో మీరూ గాల్లో మోచెయ్యి వెనక్కి లాగి ఛాతీ పక్కకు తిప్పుతారు, అలవాటైపోయి తెలియదంతే. నమ్మకం లేకపోతే ఒక పరీక్ష. బేస్‌లైన్ దగ్గర తువ్వాలు మడత పెట్టి, దాని మీద మోకాళ్లు ఆనించి సర్వీస్ చేయండి. ముందు ఛాతీ కదలకుండా పది, తర్వాత భుజాలు తిప్పి పది. ఎన్ని నెట్ దాటాయో చెప్పండి.

వనపర్తి వాలీబాల్:

చేశాను. మొదటి పదిలో రెండు. తర్వాతి పదిలో ఏడు. సరే, నోరు మూసుకుంటున్నాను.

సాగర్ హిల్‌కాలనీ:

తమ్ముళ్లూ, నాకు 58. మోకాళ్లు రెండూ అరిగాయి, వంచితే కిర్రుమంటాయి. బోపన్న 43 ఏళ్లకు 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడని మా క్లబ్బులో ముసలోళ్లందరం స్వీట్లు పంచుకున్నాం కానీ, ఆయన మోకాళ్లు వేరు, మా మోకాళ్లు వేరు. మాలాంటి వాళ్లకు పనికొచ్చేది చెబుతాను.

మోకాలు వంచలేనివాడు పాదాలు సర్దుకోవాలి. నేను కుడిపాదాన్ని ఇంతకుముందు కంటే జానెడు వెనక్కి, ఎడమ మడమ వెనకకు వచ్చేలా పెడతాను. తుంటి అప్పుడే సగం తిరిగిపోతుంది, నేను శ్రమపడేది మిగతా సగానికే. వేగం పెరగలేదు, అబద్ధమెందుకు. మూడో సెట్‌లో కూడా చెయ్యి లేస్తోంది, నాకు దక్కిన లాభం అది. నెట్ మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర. కాబట్టి నేను చాలావరకు మధ్యగీత వైపే వేస్తాను. ఆ ఆరంగుళాలు ముసలోడికి ఆస్తి.

రెండో సర్వీస్‌కు ఒళ్లు తిప్పొద్దని చాలామంది అనుకుంటారు, మెల్లగా వేయాలి కదా అని. తిప్పాలి. విప్పడం దగ్గరే తేడా. ఛాతీని ఇంకాస్త సేపు పక్కకే ఉంచి, బంతిని కింది నుంచి పైకి రుద్దినట్టు కొట్టాలి. ఛాతీ తొందరగా ఎదురు తిరిగితే రుద్దడం కుదరదు, బంతి నేరుగా నెట్‌లోకే. తమ్ముడి 9 డబుల్ ఫాల్ట్‌ల్లో సగం ఇలా పోయినవే అయి ఉంటాయి.

పాలమూరు అమ్మ:

నేను ఆడను, మా పాప ఆడుతుంది, 12 ఏళ్లు. కోర్టు బయట బెంచీ మీద కూర్చుని చూసింది చెబుతున్నాను. మొదట నేర్పిన కోచ్ ఎప్పుడూ "తిరుగు, ఇంకా తిరుగు" అనేవారు. పాప తలతో సహా తిరిగేది. బంతి ఎక్కడుందో దానికే తెలిసేది కాదు. ఇప్పుడున్న ఆయన మాట మార్చారు. "కుడి భుజం రెక్క ఎదుటి అమ్మాయికి చూపించు, కళ్లు బంతికి చూపించు." రెండు రోజుల్లో కుదిరింది.

ఇంకో పని కూడా చేయిస్తారు. రాకెట్ పక్కన పెట్టి, పాత బంతులు బేస్‌లైన్ నుంచి అవతలి కంచె మీదుగా విసరమంటారు. కోర్టు పొడవే 78 అడుగులు, ఆ పైన కంచె దాకా ఖాళీ. ఒట్టి చేత్తో విసిరితే మా పాప బంతి అవతలి గీత కూడా చేరదు. కాలు వెనక్కి వేసి తిరిగి విసిరిన రోజున కంచెకు తగిలింది. ఆ బంతులు ఏరుకొచ్చే డ్యూటీ నాది.

మా దగ్గర ఆడపిల్లలందరికీ సానియా అంటే ప్రాణం, ఆ ఫోర్‌హ్యాండ్ చూసే మా పాప రాకెట్ పట్టింది. సర్వీస్‌కు మాత్రం సెరీనా వీడియోలు పెడతాను. బంతి విసరడంలో ఆమెకు తొందరే ఉండదు.

గడియారం సెంటర్:

ఆరు వారాలైంది, అడిగినవాణ్ణి కదా, ఏమైందో చెప్పాలి. మొదటి రెండు వారాలు గ్రిప్ మార్చినందుకు నరకం. బంతులు ఫ్రేముకు తగిలి కంచె అవతల తుమ్మ చెట్లలో పడ్డాయి, మూడు ఇంకా దొరకలేదు. మూడో వారం నుంచి ఎడమ చెయ్యి స్తంభం వైపు ఎత్తడం ఒక్కటే పెట్టుకున్నాను, మిగతావేవీ ఆలోచించలేదు. ఒక రోజు బంతి తగిలిన చప్పుడే మారింది. టప్ అనేది ఠక్ అంది. మళ్లీ అలా కొట్టాలని చూస్తే రాలేదు, నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది.

నిన్న డబుల్స్‌లో డబుల్ ఫాల్ట్‌లు 4. బావ రెండుసార్లే నీళ్లు తాగాడు. భుజం నొప్పి చాలా తగ్గింది. వీపు పైభాగం పట్టినట్టుంది కానీ, అది మంచి నొప్పో చెడ్డ నొప్పో లెఫ్టీ గారు చెప్పాలి.

కొత్త తలనొప్పి ఒకటుంది. కాళ్లతో తన్నడం మొదలుపెట్టాక ఎడమ బొటనవేలు గీత మీదికి జారుతోంది. బంతి కొట్టేలోపే గీత తొక్కేస్తున్నాను, నిన్న రెండుసార్లు ఫుట్ ఫాల్ట్ అన్నారు. ఏం చేయాలి?

మిర్యాలగూడ లెఫ్టీ:

వీపు పైన, రెండు రెక్కల మధ్య, రెండు రోజుల్లో పోయేదైతే భయం లేదు. బెల్టు కట్టుకునే చోటికి దిగిందంటే ఆపేయండి.

జడ్చర్ల జంక్షన్:

అన్నా, గీతకు జానెడు వెనక సుద్దముక్కతో ఇంకో గీత గీసి, అదే బేస్‌లైన్ అనుకో. నేను రెండేళ్లుగా అక్కడే నిలబడుతున్నా.