కువైట్ తెలుగు సంఘం సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కి ముందు జరిపే వేడుక), డిసెంబర్ 11 శుక్రవారం: ఎవరు ఏ పని?

కో-ఆర్డినేటర్ (సాల్మియా): అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఎవరేం చేస్తారో రాయమని ఫారం పెట్టి వారమైంది, 31 పేర్లు వచ్చాయి. 19 మంది స్పెషల్ సాంగ్, ఐదుగురు స్కిట్, ఇద్దరు వాక్యం, మిగతా ఐదుగురు "ఏదైనా సరే". హాలు మనకిచ్చేది 12 నుంచి 3 వరకే, ఆ తర్వాత వేరే భాష సంఘానిది. పాటకి ఆరు నిమిషాలు వేసుకున్నా దాదాపు రెండు గంటలు పాటలకే పోతాయి. పాస్టర్ అయ్యగారి వాక్యం పార్కింగ్‌లో వినాలి.

తప్పు ఫారందే, అంటే నాదే. "మీ తలాంతు ఏమిటి" అని అడిగి కింద పాట, స్కిట్, వాక్యం, ఇతరములు అని గడులు గీశాను. రోమా 12లో పౌలు చెప్పిన వరాలు ప్రవచనం, పరిచర్య, బోధ, హెచ్చరించడం, పంచిపెట్టడం, పైవిచారణ, కరుణించడం. ఆ ఏడింటిలో పాట లేనే లేదు! పాడొద్దని కాదు, నేనూ కోయర్‌లోనే ఉన్నాను. మిగతావి మనలో ఎవరికి ఉన్నాయో ఇక్కడ చెప్పండి.

మంగాఫ్ బ్రదర్: అన్నా, నాకు పాట రాదు. నలుగురి ముందు ప్రార్థన చేయమంటేనే టెన్షన్. ఏడు సీట్ల బండి ఉంది, ఫహాహీల్, మంగాఫ్ వాళ్లని తెచ్చి మళ్లీ దింపుతా. ఇది వరం కిందకి వస్తుందా?

కో-ఆర్డినేటర్: ఎందుకు రాదు బ్రదర్? 1 కొరింథీ 12:28లో స్వస్థపరిచేవాళ్ల పక్కనే ఉపకారాలు చేసేవాళ్లూ ఉన్నారు. రెండు ట్రిప్పులు రాసుకుంటున్నాను.

ఇంటిపనిలో ఉన్న సిస్టర్: వందనాలు అన్నా. ఇక్కడి 2015 చట్టంలో ఇంటిపనివాళ్లం మాకు వారానికో రోజు సెలవు అని ఉంది. ఇచ్చే ఇళ్లున్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం మా మేడమ్ ఇంటి నిండా చుట్టాలే, గిన్నెలు కడిగి బయటపడేసరికి నాలుగు. పోయినేడు మేం ఐదుగురం వచ్చేసరికి ప్రేమ విందు అయిపోయింది. బిర్యానీ గిన్నె అడుగున మసాలా మిగిలింది. ఎవరినీ అనడం లేదు. ఈసారి రెండో డేగిసా నాకు వదిలేయండి. వారం వారం 40 మందికి వండే చెయ్యి, ఎంతమందికి ఎంత బియ్యమో చూపుతోనే చెప్తాను.

వంట అంకుల్: అమ్మా, అది నా లెక్క తప్పు. 14 కిలోలు సరిపోతాయనుకున్నాను, పార్సిళ్లు కట్టుకెళ్తారని తట్టలేదు. ఈసారి మీ కోసం విడిగా మూడు కిలోలు దమ్ చేసి మూత బిగిస్తా. నువ్వు వచ్చేదాకా ఎవర్నీ తీయనివ్వను, అయ్యగారు అడిగినా సరే.

కో-ఆర్డినేటర్: అపొస్తలుల కార్యములు 6 గుర్తొస్తోంది. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకి రోజూ పంచేదాంట్లో వాటా అందడం లేదని సణుగుడు మొదలైంది. అప్పుడు ఆ పంపకానికి ఎన్నుకున్నది ఖాళీగా ఉన్నవాళ్లని కాదు, ఆత్మతో, జ్ఞానంతో నిండిన ఏడుగురిని. స్తెఫను, ఫిలిప్పు వాళ్లలోనివాళ్లే. మనమేమో ఎవరూ దొరక్కపోతే చివర్లో వడ్డనకి పిల్లల్ని తోస్తాం. సిస్టర్, హాలు మూడుకే ఇచ్చేయాలి కాబట్టి బయట వడ్డించే రెండో పంక్తి బాధ్యత పూర్తిగా నీదే. సాయానికి ఎవరు కావాలో కూడా నువ్వే చెప్పు.

అబ్బాసియా తమ్ముడు: అన్నా, నేను ఇక్కడే పుట్టా, తెలుగు మాట్లాడతా కానీ చదవలేను. నాలాంటివాళ్లు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పట్టుకుని ఊరికే పెదాలు కదుపుతుంటారు. పాటలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి స్క్రీన్ మీద వేయనా? కానీ నా స్పెషల్ సాంగ్ తీసేయరుగా?

కో-ఆర్డినేటర్: స్క్రీన్ నీదే, పెద్దవాళ్లకి పైన తెలుగు లైను కూడా ఉంచు. పాటల సంగతి, ఆరు విడిగా, మిగతా అందరూ కలిసి ఒక పెద్ద కోయర్. ప్రాక్టీస్ గురువారం రాత్రి 8కి.

ఇంకా గేటు దగ్గర ఇద్దరు కావాలి. కొత్తగా దేశం వచ్చినవాళ్లు మూలన నిలబడి వెళ్లిపోతున్నారు, వాళ్లతో ఊరు, ఇల్లు మాట్లాడేవాళ్లు కావాలి. పాటలు రాసిన 19 మందినే అడుగుతున్నాను.

అబ్బాసియా తమ్ముడు: గేటుకి నా పేరు రాయండి అన్నా. పాట కూడా ఉంచండి.