వదిలేసిన కుక్కకి మంచి ఇల్లు ఎలా వెతకాలి?

ప్రశ్న
పది రోజుల క్రితం మా గేటు దగ్గర ఒక ఆడకుక్కని ఎవరో వదిలేసి వెళ్లారు. మెడ చుట్టూ బెల్టు ఒరుసుకుని వెంట్రుకలు ఊడిపోయాయి, కూర్చో అంటే కూర్చుంటుంది, అంటే ఇంట్లో పెరిగిందే. మొదటి రెండు రోజులు ఏమీ తినకుండా రోడ్డు వైపే చూస్తూ పడుకుంది, బండి శబ్దం వినిపిస్తే చాలు లేచి నిలబడేది, చూడలేకపోయాను. మాకు ముందే ఒక కుక్క ఉంది, అమ్మకి ఆయాసం, ఉంచుకోలేను. స్టేటస్‌లో పెడితే ఒకాయన కాపలాకి కావాలి, కట్టేసి ఉంచుతాం అన్నారు. ఇవ్వబుద్ధి కాలేదు. ఏం చూసి ఇవ్వాలి?

జవాబు
ఇవ్వకపోవడమే మంచిదైంది. అయితే తప్పిపోయిన కుక్క కాదని ముందు తేల్చుకోండి. డాక్టర్ దగ్గర మైక్రోచిప్ (యజమాని ఎవరో తెలియడానికి చర్మం కింద పెట్టే చిన్న చిప్) ఉందేమో స్కాన్ చేయించండి, ఉంటే సాధారణంగా 15 అంకెల నంబరు వస్తుంది. ఫోటోలో కనపడని గుర్తు ఒకటి ఎవరికీ చెప్పకండి, మాదే అని వచ్చినవాళ్లు అది చెప్పగలగాలి. ఇంకో వారమైనా మీ కుక్కకి దూరంగా ఉంచండి, గిన్నెలు కూడా వేరు. పార్వో అని కుక్కలకి వాంతులు, విరేచనాలు తెచ్చే అంటువ్యాధి ఉంది, అది సోకితే బయటపడటానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. రేబిస్ టీకా, పురుగుల మందు, వీలైతే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాకే ఇవ్వండి.

జవాబు
నేను మొదటిసారి చేసిన తప్పు చెప్తాను. ఉరుములకి భయపడుతుందని చెప్తే ఎవరూ తీసుకోరేమో అని దాచాను, తీసుకున్న వాళ్లు మొదటి వానకే గేటు తెరిచి ఉంచారు, అది పారిపోయింది, నాలుగు రోజులు వెతికితే గానీ దొరకలేదు. అందుకే దాని భయాలు, అలవాట్లు అన్నీ రాయండి, అవి తెలిసి కూడా వచ్చేవాళ్లే మీకు కావలసినవాళ్లు. ఫోటో పగటి వెలుతురులో, మీరు కింద కూర్చుని దాని కంటి ఎత్తులో తీయండి. ఫోన్లో మాట్లాడి సరిపెట్టుకోకుండా వాళ్లింటికి వెళ్లండి. గేటు కింద సందు ఉందా, అద్దె ఇల్లైతే ఓనరు ఒప్పుకున్నారా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇంతకుముందు కుక్క ఉంటే దానికి ఏమైంది? ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబులోనే చాలావరకు తెలిసిపోతుంది. ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా వద్దు.

జవాబు
పై మాటలన్నీ నిజం. ఒకటే కలుపుతాను: రెండు వారాలు చూసుకోమనండి, కుదరకపోతే మీ దగ్గరికే తెచ్చివ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు అని కాగితం మీద రాయించుకోండి. కొత్త ఇంట్లో మొదటి రోజుల్లోనే ఎక్కువ పారిపోతాయి, బయటికి తీసుకెళ్తే రెండు పట్టాలు వేయాలి, ఒకటి మెడకి, ఒకటి ఛాతీకి.

ప్రశ్న అడిగినవారు
స్కాన్ చేయించాను, చిప్ లేదు. నిన్న ఒకావిడ వచ్చారు, దగ్గరికి లాక్కోకుండా నేల మీద కూర్చుని నాతో మాట్లాడుతూ ఉన్నారు, అరగంటకి ఇదే వెళ్లి ఆవిడ చెయ్యి వాసన చూసింది. శనివారం వాళ్లిల్లు చూడటానికి వెళ్తున్నాను. ఇక్కడ పడుకునే దుప్పటి కూడా ఇచ్చెయ్యనా?

జవాబు
ఇవ్వండి. ఉతక్కుండా ఇవ్వండి, ఆ వాసన దానికి కావాలి.